విండోస్ కంటె ముందు అడిగే తాళం

కొంచెం పెద్ద పోస్టు. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ వాడేటోళ్లు మాత్రం చివరిదాక చదవండి.

మేం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చి హన్మకొండలో ఒకే రూములో ఉండి చదువుకుంటున్నం. మాలో లంబాడీలం ఉన్నం, కోయలం ఉన్నం. అందరికీ కలిపి ఒకటే లాప్‌టాప్, పాత థింక్‌ప్యాడ్. మాకంటే ముందు ఇదే రూములో ఉన్న అన్న, ఉద్యోగమొచ్చి పోయేటప్పుడు "మీరే వాడుకోండి తమ్మీ" అని ఇచ్చిపోయిండు. ఈపాస్ స్కాలర్‌షిప్ కాగితాలు, ప్రాజెక్టు రిపోర్టులు, ఊరోళ్ల అర్జీలు అన్నీ దాంట్లనే.

ఎండకాలం సెలవులైనంక వచ్చి ఆన్ చేసినం. తేదీ, టైము తప్పున్నయని చూపించి పాస్‌వర్డ్ అడిగింది. రోజూ కొట్టే విండోస్ పాస్‌వర్డ్ కొట్టినం, తీసుకోలె. అది విండోస్‌ది కాదు, అంతకంటె ముందు లేచే బయోస్‌ది. దాన్ని సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అంటరు.

అన్నకు ఫోన్ చేసినం. "అవును తమ్మీ, ఎవరూ సెట్టింగులు కెలకొద్దని నేనే పెట్టిన. ఏం పెట్టిన్నో యాదికొస్తలేదు" అన్నడు. ఆయన తండా పేరు, హాల్ టికెట్ నంబర్, అమ్మ పేరు, పుట్టిన సంవత్సరం అన్నీ కొట్టి చూసినం. మూడుసార్లు తప్పైతే ఆగిపోతది, మళ్ల ఆఫ్ చేసి ఆన్ చేయాలె. రెండు రాత్రులు అట్లనే పోయినయి.

మా తొందరకు కారణముంది. పలిమెల దిక్కు ఉండే మా దోస్తు వాళ్ల నాయిన పోడు భూమి అర్జీని సబ్ డివిజన్ కమిటీ కొట్టేసింది. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం దాని మీద జిల్లా కమిటీకి పోవాలంటే 60 రోజులే గడువు. ఆ భూమి 2005 డిసెంబర్ 13 కంటె ముందు నుంచి వాళ్ల సాగులోనే ఉన్నదని చూపియ్యాలె. ఊరి పెద్దలు చెప్పింది రాసి పెడితే అది కూడా సాక్ష్యమే అని రూల్స్‌లో ఉంది. ఆ మాట చెప్పి వేలిముద్ర వేసిన తాత ఇప్పుడు లేడు. అసలు కాగితం అర్జీతో పోయింది. మా దగ్గర మిగిలింది స్కాన్ ఒక్కటే, అది కూడా లాప్‌టాప్‌లోనే.

"లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది, అది పీకితే పాస్‌వర్డ్ పోతది" అని ఒకరు చెప్పిన్రు. పాత డెస్క్‌టాప్‌లలో చానా వాటికి అది నిజమే. చానా లాప్‌టాప్‌లలో మాత్రం ఈ పాస్‌వర్డ్ కరెంటు లేకున్నా చెరిగిపోని చిప్‌లో ఉంటది. మాది అట్లాంటిదే. మా కథల ఇంకో సంగతి, ఆ బ్యాటరీ అయిపోవుడే అసలు ఆపద తెచ్చింది. గడియారం పోతే తేదీ సరిచేయాలె, సరిచేయాలంటే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కొట్టాలె. ఇన్ని రోజులు తాళం ఉన్నదనే మాకు తెల్వలె.

థింక్‌ప్యాడ్‌కు ఈ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ చెప్పే దారి ఒక్కటే, మదర్‌బోర్డు మార్చుడు. ఆ ఖర్చుతో ఇంకో పాత లాప్‌టాప్ వస్తదన్నడు మెకానిక్. "చిప్ దగ్గర ఏదో చేసి చూస్త, కానీ బోర్డు పోతే నాది పూచీ లేదు" అని కూడా అన్నడు. మేం వద్దన్నం.

"మీకు కావాల్సింది లాప్‌టాపా, కాగితాలా?" అని ఆయనే అడిగిండు. అడుగున స్క్రూ విప్పి హార్డ్ డిస్క్ బయటికి తీసిండు. యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు పెడితే ఫోల్డర్లన్నీ కనబడ్డయి. తాత వేలిముద్ర తెర మీద చూసి మా దోస్తు చానా సేపు మాట్లాడలె. అర్జీ గడువులోపలే ఇచ్చినం. ఫలితం ఇంకా రాలె.

ఒకటి గుర్తుంచుకోండి. అన్న హార్డ్ డిస్క్‌కు కూడా వేరే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, ఇంకో కంప్యూటర్‌కు పెట్టినా తెరుచుకునేది కాదు. బిట్‌లాకర్ ఆన్ ఉంటే దాని రికవరీ కీ కావాలె. మాకు అదృష్టం కలిసొచ్చింది, అంతే. అన్నను ఏమీ అనలేం. మన మంచికే పెట్టిండు, కానీ ఎక్కడా రాసిపెట్టలె. మేం కూడా తీసుకునేటప్పుడు అడగలె.

అందుకే చెప్తున్నం. పాత లాప్‌టాప్ కొనేటప్పుడు బయోస్ సెట్టింగుల దాక పోయి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే, అమ్మేటోని ముందే తీయించుకోండి. బిల్లు, సీరియల్ నంబర్ దాచుకోండి, కొన్ని కంపెనీలు అవి చూపిస్తేనే సాయం చేస్తయి. పాస్‌వర్డ్ పెడితే నోట్‌బుక్కుల రాసి ఇంట్ల ఒకరికి, దోస్తుకు ఒకరికి చెప్పండి. భూమి కాగితాలు ఒక పెన్ డ్రైవ్‌లో, ఒక జిరాక్స్‌లో వేరే ఉంచండి.

మా పాత లాప్‌టాప్ ఇప్పుడు అల్మారాలో ఉంది. కీబోర్డు, ర్యామ్ బాగనే ఉన్నయి. ఎవరికైనా పనికొస్తే చెప్పండి, ఉట్టిగనే ఇస్తం. మీ రూములో కూడా సీనియర్లు ఇచ్చిపోయిన లాప్‌టాప్ ఉంటే, ఈ రాత్రే వాళ్లకు ఫోన్ చేసి అడగండి. వాళ్లు మర్చిపోకముందే.