రింగుల జుట్టు

హాస్టల్‌కి వెళ్తూ మా అమ్మాయి తన పూడిల్‌ని నాకప్పజెప్పింది. "అమ్మా, దాని జుట్టు జాగ్రత్త" అంది. అచ్చం దాని జుట్టులాగే రింగులు.

పోయిన వేసవిలో మా ఉంగుటూరు నుంచి పేరుపాలెం బీచ్‌కి తీసుకెళ్ళాం. అలల్లో తెగ ఆడింది. ఇంటికొచ్చాక పైపైన తుడిచి వదిలేశాను. నాలుగు రోజులకల్లా చెవుల వెనక, చంకల్లో జుట్టు ఉండలు కట్టింది. చెవి గోక్కుంటూ రాత్రంతా మూలిగింది. చెవిలో తడి ఆరక చీము పట్టిందన్నారు డాక్టర్‌గారు. ఉండలు దువ్వెనకి లొంగక జుట్టంతా కత్తిరించాల్సొచ్చింది. వీడియో కాల్‌లో చూసి పిల్ల ఒకటే ఏడుపు.

ఇప్పుడు బీచ్‌కి వెళ్ళాలంటే ముందురోజే చిక్కు తీస్తాను. తడిస్తే చిక్కు ఇంకా బిగుస్తుంది. ఉప్పునీళ్ళు తాగితే వాంతులవుతాయి కాబట్టి సీసాలో మంచినీళ్ళు పట్టుకెళ్తాను. తిరిగి రాగానే మంచినీళ్ళతో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చెవులు పొడిగా తుడుస్తాను.

కొల్లేరు గట్టుకెళ్తే మాత్రం గొలుసు వదలను. 1999లో అభయారణ్యం చేసిన సరస్సు అది. గూడబాతుల్ని మన కుక్క బెదరగొట్టకూడదు కదా! ఇంటికొచ్చాక వేళ్ళ సందుల్లో పల్లేరుకాయలు, చెవుల దగ్గర పిడుదులు వెతుకుతాను.

రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా దువ్వుతాను. కళ్ళు మూసుకుని ఒళ్ళో పడుకుంటుంది.

స్కూలు బస్సు తొందరలో పిల్ల జుట్టు లాగి లాగి దువ్వేదాన్ని. ఈ ఓపిక అప్పుడే ఉంటే, దువ్వెన చూడగానే అది పెరట్లోకి పారిపోయేది కాదేమో.