వెలుతురును పొదుపుచేయు గది

తార్నాక కూడలి దాటి ఉప్పలు పోవు రాజమార్గమున, హబ్సిగూడలో, బస్సుల రొదకును ఆటోల పొగకును కొంచెము ఎడముగా నున్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును నగరవాసులు సీసీఎంబీ అను పొట్టిపేరుతోడనే ఎరుగుదురు. పొరుగుననున్న నాటి ప్రాంతీయ పరిశోధనశాలలో ఒక శాఖగానుండి, పుష్పమిత్ర భార్గవగారి పట్టుదలవలన 1977లో వేరుపడి పెరిగిన ఈ సంస్థను గూర్చి, డీఎన్ఏ పరీక్షల ప్రస్తావన వచ్చినపుడెల్ల పత్రికలలో చదువుచునే యుందుము. నేను పోయినది దానికొరకు గాదు. బ్రతికియున్న కణములోపల జరుగు వ్యాపారమును, అది జరుగుచుండగనే కంటితో చూడవచ్చునని విని, ఆ చూపు ఎట్టిదో తెలిసికొనగోరి పోయితిని.

నాకు తోడువచ్చిన పరిశోధక విద్యార్థిని వరంగల్లు పిల్ల; మాట పొదుపు, నడక వేగము. మైక్రోస్కోపు గది వాకిట నాచేత సెల్‌ఫోను ఆపివేయించి, దళసరి నల్లతెర తొలగించి లోనికి రమ్మనెను. వెలుగును గూర్చి పనిచేయు చోట వెలుగు మెండుగా నుండునని తలచి పోయిన నాకు, అచట కంప్యూటరు తెరయు, యంత్రములమీది చిన్న సూచికదీపములును దక్క వేరొక వెలుగు కానరాలేదు. నేల అదురు సోకకుండ గాలిదిండ్లపై తేలుచుండు బరువైన బల్ల, దానిపై కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని, దానిని చుట్టి పారదర్శకమైన పలకలతో కట్టిన పెట్టె. గది చలి పుట్టించుచున్నను పెట్టెలో మాత్రము 37 డిగ్రీల వెచ్చదనమును, నూటికి 5 పాళ్ళు బొగ్గుపులుసు వాయువును, చాలినంత తేమయు నుండును. గాజు అడుగుగల పళ్ళెములోని కణములు తామింకను మనుష్యదేహముననే యున్నామని భ్రమపడవలెను గదా! మామూలుగా గులాబిరంగున నుండు పోషకద్రవము ఇచట వన్నెలేనిది. ఆ కొద్దిపాటి రంగు సైతము చూపునకు అడ్డువచ్చునట.

ఆ కణములు హీలా జాతివి. 1951లో బాల్టిమోరు నగరమున క్యాన్సరుతో మరణించిన హెన్రియెటా లాక్స్ అను నల్లజాతి స్త్రీ దేహమునుండి, ఆమె అనుమతి వేడకయే తీసిన కణముల సంతతి నేటికిని ప్రపంచమంతట ప్రయోగశాలలలో పెరుగుచున్నది. ఇంత ఋణపడిన శాస్త్రలోకము ఆమె పేరును చిరకాలము ఆ రెండక్షరములలోనే దాచియుంచుట నాకు ఇంపుగా తోచదు.

బడిలో ఉల్లిపొరపై సాఫ్రనిన్ చుక్క వేసి మనము చూచిన కణము చచ్చిన కణమే. శతాబ్దమునకు పైగా కణశాస్త్రజ్ఞులు కణమును రసాయనములతో బిగించి, చంపి, రంగువేసి, ఆ నిశ్చలచిత్రములను వరుసగా పేర్చి వాని నడుమ ఏమి జరిగియుండునో ఊహించెడివారు. ఆ ఊహలలో అనేకములు నిజమే యైనను, కదలికను కదలికగా చూచు భాగ్యము అరుదుగనే యుండెను. ఆ కొరత తీరినది కడలినుండి వచ్చిన ఒక మాంసకృత్తువలన. 1961 వేసవిలో జపాను దేశీయుడగు ఒసాము షిమోమురా, ఫ్రాంక్ జాన్సన్‌తో గూడి అమెరికా పడమటి తీరమునందలి ఫ్రైడే హార్బరులో సుమారు 10,000 జెల్లీచేపలను పట్టి, వెలుగు పుట్టు అంచులను కత్తిరించి, పిండి, నీలికాంతి నిచ్చు ఈక్వోరిన్ అను పదార్థమును వేరుచేసెను. అతడు కోరినది దానినే. దానితోపాటు ఆకుపచ్చగా మెరయు మరియొక మాంసకృత్తు దొరకినదని 1962 నాటి వ్యాసమున ఒక పక్కమాటగా మాత్రమే వ్రాసెను. జీఎఫ్‌పీ అని నేడు లోకమెల్ల కొనియాడునది ఆ పక్కమాటయే.

దాని విశేషము దాని స్వయంసమృద్ధి. 238 అమైనో ఆమ్లముల ఆ గొలుసు పీపావలె ముడుచుకొని, నడిమధ్యనున్న మూడింటిని, అనగా 65, 66, 67 స్థానములలోని వానిని, తానే కలిపి వర్ణకముగా మార్చుకొనును. వలసిన పరద్రవ్యము ఆమ్లజని ఒక్కటే. కావున జన్యువు నొక్కదానిని ఏ జీవిలో చేర్చినను ఆ జీవియే దీపమును తయారుచేసికొనును. 1992లో ఆ జన్యువును వెలికితీసిన డగ్లస్ ప్రాషర్, తనకు నిధులు చాలక పని ఆగిపోవునప్పుడు దానిని అడిగినవారికి పంచిపెట్టెను. మార్టిన్ చాల్ఫీ దానితో 1994లో ఒక చిన్న పురుగు స్పర్శనాడులను వెలిగించి చూపెను. రోజర్ చెన్ దానికి మరికొన్ని వన్నెలను సమకూర్చెను. 2008లో షిమోమురా, చాల్ఫీ, చెన్ నోబెల్ బహుమతి పొందిననాటికి ప్రాషర్ అలబామాలో ఒక కార్ల దుకాణమువారి బండి నడుపుచుండెను. బహుమతి మువ్వురకే పరిమితమను నియమము ఉండవచ్చును; నాకు మాత్రము ఆ కథ చెప్పినపుడెల్ల నాలుగవ పేరు ముందు నోటికి వచ్చును.

ఇక తెరమీదికి వత్తము. ఆ విద్యార్థిని పెంచు కణములలో, డీఎన్ఏ చుట్టుకొను హిస్టోన్‌కు జీఎఫ్‌పీని, కండెపోగులను కట్టు ట్యూబులిన్‌కు ఎంచెర్రీ అను ఎర్రని మాంసకృత్తును జన్యురీతిని అతికించియున్నారు. ఈ ఎరుపు పగడపుజాతి జీవి ఒకదానినుండి పుట్టినది. మూడేసి నిమిషములకొకమారు లేజరు క్షణకాలము మెరసి ఆరిపోవును. తెరపై క్రొత్తచిత్రము పడును. క్రోమోజోములు పచ్చని ముద్దగా నుండి విడివిడియై, ఎర్రని పోగుల నడుమకు ఒక్కొక్కటే చేరి వరుసకట్టెను. ఒకటి మాత్రము ధ్రువము దగ్గరనే తచ్చాడుచుండెను. మిగిలినవన్నియు సిద్ధముగానున్నను ఆ ఒక్కదానికొరకు కణము విభజనను నిలిపియుంచినది. పాఠ్యపుస్తకములలో పటములుగా ఎన్నియోమారులు చూచిన ఘట్టమే. కాని కణము వేచియుండుననునది ఏ పటములోను లేదు.

నాకు ఓపిక చాలక, “లేజరు ఆర్పకుండా ఉంచరాదా అమ్మా, ఇంకొంచెం ప్రకాశంగా?” అంటిని.

“అంత వెలుతురు పోస్తే కణం అక్కడే ఆగిపోతుంది సార్. అప్పుడు మనం చూసేది విభజన కాదు, లేజర్ దెబ్బ.”

తీవ్రకాంతి సోకినచో వర్ణకములు మాయుటయేగాక, ఆమ్లజని విషరూపములు పుట్టి కణమునకు హానిచేయునని ఆమె వివరించెను. ఆ గది చీకటియు, ఆ మూడునిమిషముల నియమమును నాకప్పుడు బోధపడెను: ఎంత తక్కువ వెలుతురుతో ఎంత నిజము రాబట్టగలమనునదే ఇచటి నేర్పు. కొందరు వర్ణకములు మాయు ఈ దోషమునే సాధనముగా వాడుకొందురు. లేజరును ఒక్కచోట తీవ్రముగా ప్రసరింపజేసి అచటి దీప్తిని కావలెనని ఆర్పుదురు. చెరువులో నాచు తొలగించినచోటు మరల కమ్ముకొనునట్లు, చుట్టుపట్ల నుండి మాయని అణువులు వచ్చి ఆ మచ్చను పూడ్చును. కణద్రవ్యములో స్వేచ్ఛగా తిరుగు మాంసకృత్తు లైనచో అది క్షణములలో పూడిపోవును. డీఎన్ఏను పట్టుకొనియుండు హిస్టోనులైనచో గంటలు గడచినను పూర్తిగా పూడదు. ఏది తిరుగునది, ఏది కట్టుబడినది అను లెక్క ఈ తేడావలననే తేలును.

తచ్చాడుచున్న క్రోమోజోము కడకు వరుసలోనికి వచ్చెను. తరువాతి చిత్రములలో పచ్చని వరుస రెండుగా చీలి ఇరుధ్రువములకు సాగెను. నడుము నొక్కుకొని కణము రెండాయెను. నేను సంతోషించితిని గాని ఆమె సంతోషింపలేదు. కాలము వ్రాసికొని, రెండవ పళ్ళెమును పెట్టెలో అమర్చుచుండెను.

“ఇందులో ఏ రంగూ లేదు సార్. మామూలు వెలుతురులో చూస్తాను. ఇంత పెద్ద తోక తగిలించిన ట్యూబులిన్ మామూలుగానే పనిచేస్తోందా, లేదా తెలియాలి కదా. ఈ కణాలు కూడా అంతే సమయం తీసుకుంటేనే ఇందాక మీరు చూసింది లెక్కలోకి వస్తుంది.”

అని లేజరు మీట ఆర్పెను.