కీమో ఫార్మసీ కిటికీ

జూన్ 3, 2024, సోమవారం

ఎనిమిదిన్నరకే చీటీలు గుట్టపడ్డాయి. రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుంటున్న ఒకావిడకి ఈ రోజు పాక్లిటాక్సెల్. చీటీ మీద బరువు 58 కిలోలు. మనిషిని చూస్తే జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. "ఓసారి తూకం చూపించుకుని రామ్మా" అన్నాను. 51 ఉంది. పోయినసారి బరువునే ఎవరో దించేశారు.

ఎత్తు 154 సెంటీమీటర్లు. ఎత్తునీ బరువునీ గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే ఒంటి ఉపరితలం తేలుతుంది. చదరపు మీటరుకి 175 మిల్లీగ్రాముల లెక్కన 276 కలపాల్సింది 258కి దిగింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే డోసు మార్చి, తిండి ఎందుకు సహించడం లేదో కనుక్కోమని డైటీషియన్‌ని పంపారు. కిటికీలోంచి తలెత్తి చూడకపోతే ఈ రెండో పని జరిగేది కాదు.

జూన్ 5, బుధవారం

రక్త క్యాన్సర్ ఉన్న పిల్లాడికి విన్‌క్రిస్టీన్. ఇది నరంలోకే ఎక్కాలి. వెన్నులోకి పోతే ప్రాణం దక్కడం చాలా అరుదు. ఇదే పిల్లలకి వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇచ్చే రోజులూ ఉంటాయి. రెండు సిరంజిలు పక్కపక్కన ఉంటే చెయ్యి పొరబడుతుంది. అందుకే మేం విన్‌క్రిస్టీన్‌ని చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపుతాం. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ ఇదే. సంచిని చూసి వెన్నులోకి ఎక్కించాలని ఎవరికీ తోచదు.

పిల్లాడి నానమ్మ అడిగింది: "ఇది దేంతోని జేస్తరు బిడ్డా?" బిళ్ళగన్నేరు నుంచి తీస్తారని చెప్పాను. "మా వాకిట్ల మస్తుగున్నది. మా ఆయన షుగర్‌కని రోజు ఆకు నములుతడు. పోరనికి గూడ రసం తాపియ్యాల్నా?"

వద్దంటే వద్దన్నాను. ఆకులో ఏ మందు ఎంతుందో కొలవలేం, పిల్లాడికి ఎక్కించేది మిల్లీగ్రాముల లెక్క. ఒకటి మాత్రం ఆమెకి చెప్పాను. 1950లలో కెనడాలో కూడా ఈ ఆకుని షుగర్ కోసమే పరీక్షించారు. షుగర్ సంగతి తేలలేదు గానీ తెల్లకణాలు పడిపోయాయి. ఈ జాతి మందులకి దారి అక్కడే దొరికింది. ఆమె నవ్వి, "అయితే మా ముసలాయనను గూడ బంద్ జెయ్యమంట" అంది.

జూన్ 7, శుక్రవారం

పెద్దపేగు క్యాన్సర్ ఉన్న పెద్దాయన. నరంలోకి ఆక్సాలిప్లాటిన్, ఇంటికి కేపసైటబిన్ మాత్రలు. మాత్రలు పద్నాలుగు రోజులు మింగి ఏడు రోజులు ఆపాలి, అదీ భోజనం చేసిన అరగంటలోపే. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక ఫ్రిజ్ నీళ్లు ముట్టొద్దు, గొంతు పట్టేసినట్టవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇవన్నీ చెప్పి పంపేస్తుంటే ఆగి, గొంతు తగ్గించి, "మేడమ్, నాకు ఆయాసం ఉంది. రేపు నాంపల్లిలో చేప మందు వేస్తారట. మింగొచ్చా?" అన్నాడు.

తెల్లకణాలు పడిపోయే రోజుల్లో బతికున్న కొరమీను గొంతులోకి! వద్దని చెప్పి, ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతున్నారా అని అడిగాను. నెల క్రితం అయిపోయిందట, మళ్లీ కొనలేదట. డాక్టరుగారితో రాయించి ఇచ్చాను.

జూన్ 12, బుధవారం

మార్ఫిన్ మాత్రల కోసం ఒకబ్బాయి వచ్చాడు, తల్లికి. నొప్పి బాగా ముదిరితేనే వేస్తున్నాడట. "అలవాటైపోతుందంటగా మేడమ్?" నొప్పి కోసం డాక్టరు చెప్పిన కొలతలో, గడియారం చూసి వేస్తే ఆ భయం అక్కర్లేదని, నొప్పి పెరిగేదాకా ఆగితే ఎక్కువ మందు కావాల్సొస్తుందని చెప్పాను. మొదటి రోజు నుంచీ మలబద్ధకానికి మందు తోడుండాలి. అది ఆపేశారు కాబట్టే ఆవిడ మార్ఫిన్ అంటే భయపడుతోంది.

ఒకప్పుడు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఈ మాత్రలు తెప్పించాలంటే ఆసుపత్రులు లైసెన్సుల వెంట తిరగాల్సి వచ్చేది. 2014 సవరణతో ఆ పని తేలికైంది. మాత్ర ఆసుపత్రి దాకా వచ్చింది, భయం మాత్రం ఇంట్లోనే ఉంది.

జూన్ 14, శుక్రవారం

సూపరింటెండెంటుగారికి ఉత్తరం రాసిచ్చాను. మందు కలపడానికి మాకు క్యాబినెట్ ఉంది, రెండు జతల గ్లవ్స్ ఉన్నాయి, ప్రతి డోసుకీ రెండో మనిషి సంతకం ఉంది. మాట్లాడటానికి మాత్రం చీటీ జారే సందొక్కటే. ఈ రెండు వారాల్లో బరువు తగ్గిన సంగతి, ఆకు రసం, చేప మందు, మార్ఫిన్ భయం ఏదీ కేస్ షీట్లో లేదు. అన్నీ ఆ సందులోంచి, వెనక వరస కసురుకుంటుండగా బయటపడ్డవే. ఫార్మసీ పక్కన ఒక తూకం మిషను, రెండు కుర్చీలు, ఉదయం రెండు గంటలు ఒక ఫార్మసిస్టు కావాలని అడిగాను. కొత్త మందులకి పెట్టే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు. ఇవ్వాల్సిందే.