గోదారి గట్టున ఒక రోజు... రంగుల పెట్టెతో

గోదావరి ఏ రంగులో ఉంటుంది? ఫోన్‌లో ఫొటోలు చూసి చెప్పమంటే నీలం అంటాం. జులై, ఆగస్టు వరదల్లో చూసినవాళ్లు ఎరుపు అంటారు. జనవరి నెలలో పొద్దున్న ఆరున్నరకి రాజమండ్రి పుష్కర్ ఘాట్ మెట్ల మీద కూర్చుని చూస్తే మాత్రం దానికి రంగే ఉండదు. ఆకాశం, నీళ్లు, అవతల కొవ్వూరు గట్టు... అన్నీ కలిసిపోయి ఒకటే పల్చటి బూడిద రంగు. ఎదురుగా ఇంత పొడవు వంతెన ఉందని తెలుసు. కానీ కనబడదు.

ఆ బూడిద రంగు కోసమే హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి వచ్చా. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా ఆదివారాలు ఇంట్లో కూర్చుని, ఫొటోలు ముందు పెట్టుకుని వాటర్ కలర్స్ వేస్తున్నా. బొమ్మ నీట్‌గానే వస్తుంది. కానీ పొగమంచు కనబడగానే ఫోన్ కెమెరా దాన్ని తనంతట తనే సరిచేసేస్తుంది. నీడలు తేల్చి, రంగులు పెంచి చూపిస్తుంది. అంటే మనం వేసేది గోదారిని కాదు, ఫోన్‌కి నచ్చిన గోదారిని. అందుకే ఈసారి ఒక రోజంతా గట్టు మీదే కూర్చుని వేద్దామనుకున్నా.

సంచిలో ఏముందంటే...

పెద్ద సరంజామా ఏం లేదు. పన్నెండు రంగుల పెట్టె, మూడు బ్రష్షులు, 300 జీఎస్ఎం మందం ఉన్న కాటన్ పేపర్, దాన్ని అట్టకి అతికించడానికి మాస్కింగ్ టేపు, తుడుచుకోవడానికి ఒక పాత బనీను గుడ్డ. నీళ్లు మాత్రం గోదారివే.

ఇవాళ ఇంత తేలిగ్గా అనిపిస్తోంది గానీ, ఒకప్పుడు చిత్రకారులు ఆయిల్ రంగుల్ని పంది మూత్రాశయంతో చేసిన చిన్న తిత్తుల్లో దాచుకునేవారు. అవి పగిలితే బట్టలు, రంగులు రెండూ పోయేవి. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. ఆయిల్ పెయింటింగ్ గది దాటి పొలాల్లోకి, ఏటి గట్టుకి రావడానికి ఆ ట్యూబు చాలా సాయం చేసింది. వాటర్ కలర్స్‌కి ఆ బాధ అంతగా లేదు. రంగు పొడి, దాన్ని పట్టి ఉంచడానికి తుమ్మజాతి చెట్ల జిగురు. ఆరిపోయినా నీళ్లు తగిలితే మళ్లీ లేస్తుంది. అందుకే జేబులో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు.

'బ్రిడ్జేదండి మరి?'

వాటర్ కలర్స్‌లో అన్‌డూ లేదని అందరూ భయపెడతారు. నన్నడిగితే అసలు కష్టం అది కాదు, ఆగడం. మొదట పేపరంతా తడిపి పల్చగా రంగు పరిచాక, అది ఆరేదాకా పైన ఇంకో గీత పెట్టకూడదు. పెడితే పాకిపోతుంది. ఇంట్లో అయితే ఫ్యాన్ కింద పెడతాం, లేదా హెయిర్ డ్రయ్యర్ పడతాం. ఏటి గట్టున మంచులో ఏం చేస్తాం? కూర్చోవడమే. నా పేపర్ ఆరడానికి ముప్పావుగంట పైనే పట్టింది.

ఆ ముప్పావుగంటలో నేను చూసినవి: మెట్ల మీద దీపం వదిలిన ఒక పెద్దావిడ, అది మంచులో కలిసిపోయేదాకా కదల్లేదు. నీళ్ల మీదుగా మాటలు ముందు వినబడ్డాయి, పడవ తర్వాత కనబడింది. గట్టు దగ్గర నీళ్లు లేత ఆకుపచ్చ, పది గజాలు దాటితే బూడిద, ఇంకా దాటితే తెలుపు. ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టి వెళ్లిపోయుంటే వీటిలో ఒక్కటీ దక్కేది కాదు.

పక్కనే పడవ కట్టేసి టీ తాగుతున్న ఆయన వచ్చి నిలబడ్డాడు. అరవై ఏళ్లుంటాయి. కాసేపు చూసి అడిగాడు:

"బ్రిడ్జేదండి మరి?"

"మంచులో కనబడట్లేదు కదండీ."

"కనపడకపోతే లేకుండా పోద్దా ఏంటండి?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది నిజమే. నేను వేసిందీ నిజమే. ఉన్నదని తెలిసింది వేయాలా, కంటికి కనబడింది వేయాలా అన్నది బొమ్మలు వేసేవాళ్లందరికీ పాత తగువే. నేను కంటి వైపే ఉన్నా. వంతెన ఉండాల్సిన చోట తెల్ల కాగితం అలాగే వదిలేశా. వాటర్ కలర్స్‌లో చాలామంది తెల్లరంగు వాడరు. వెలుగు అంటే రంగు తగలని కాగితమే.

"మీకు అసలు గోదారి కావాలంటే శ్రావణంలో రావాలండి. మరిగిన టీలాగ వత్తది" అని చెప్పి ఆయన పడవెక్కాడు. నా పెట్టెలో బర్న్‌ట్ సియెన్నా అని ఒక గోధుమ ఎరుపు రంగుంది. పూర్వం ఇనుము కలిసిన మట్టిని కాల్చి చేసేవారు దాన్ని. వరద నీటిది కూడా మట్టి రంగే కదా! ఆ రంగులో కాస్త అల్ట్రామెరీన్ నీలం కలిపితే పొద్దుటి మంచుకి సరిపోయే బూడిద వస్తుంది. అంటే ఈ పొద్దుటి బొమ్మలో ఆయన చెప్పిన శ్రావణం గోదారి కూడా కాస్త ఉన్నట్టే.

మంచు విడిచాక

ఎనిమిదిన్నర దాటాక ముందు రాతి స్తంభాలు, తర్వాత పైన ఇనుప చట్రం బయటపడ్డాయి. అది హేవలాక్ వంతెన. 1900లో మొదలై, 1997 దాకా మద్రాసు–హౌరా దారిలో రైళ్లని మోసింది. ఇప్పుడు దాని మీద రైలు లేదు. పర్యాటక కేంద్రంగా మారుస్తామన్న మాట ఏళ్లుగా వినబడుతూనే ఉంది. దగ్గర్లోనే 28 కమానుల కొత్త వంతెన. రైళ్లు దాని మీదుగా పోతుంటే పాతది ఊరికే చూస్తూ నిలబడ్డట్టుంటుంది.

రెండింటి నీడలూ నీళ్లలో గీసినట్టు పడ్డాయి. ఇంత పెద్ద నది ఇంత కదలకుండా ఎలా ఉందని ఆశ్చర్యపోవచ్చు. కారణం కింద ధవళేశ్వరంలో ఉంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ ఇప్పుడు నీళ్లని ఆపుతోంది. అందుకే వరదలు లేని కాలంలో రాజమండ్రి దగ్గర గోదారి చెరువులా నిలబడుతుంది. డెల్టాకి నీళ్లిచ్చిన కట్టడమే మనకి ఈ ప్రతిబింబాల్నీ ఇచ్చింది.

ఇరవై ఎనిమిది నిండని జీవితం

మధ్యాహ్నం ఎండలో బయట వేయడం దండగ. నీడలు పొట్టిగా అయిపోయి అన్నీ చప్పగా కనబడతాయి. రంగు కాగితం మీద పడీపడకుండానే ఆరిపోతుంది. ఒక రోజ్ మిల్క్ తాగి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లా.

రామారావు ఈ ఊరివాడే. 1897లో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని చిత్రకారుణ్ని గుర్తించి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకునేందుకు తోడ్పడ్డాడు. నవలలు రాసిన అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. చదువయ్యాక రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. తిరిగి ఊరికొచ్చి, నలుగురికీ నేర్పుతూ, తెలుగు మనుషుల్నీ గోదారి ప్రాంతాన్నీ వేశాడు. 1925లో మశూచి సోకి చనిపోయాడు. ఇరవై ఎనిమిది నిండటానికి నెల రోజుల ముందు.

నాకు వచ్చే మార్చితో ఇరవై ఎనిమిది నిండుతాయి. ఆ గోడల ముందు నిలబడి ఆ లెక్క వేయకుండా ఉండలేకపోయా. ఆయనతో పోల్చుకోవడానికి కాదు, అంత పొగరు లేదు. ప్రాజెక్టు రిలీజ్ అయ్యాక చూద్దాం, ఈఎంఐలు తీరాక చూద్దాం అని నేను పక్కన పెడుతూ వచ్చిన పనులు గుర్తొచ్చాయి. రేపన్నది ఉంటుందనే ధీమా మీద కట్టిన పనులన్నీ. మశూచి ఇప్పుడు లోకంలో లేదు. ధీమాకి అదొక్కటే ఆధారమా అనిపించింది.

అక్కడున్న బొమ్మల ముందు ఎక్కువ సేపు నిలబడితే ఒకటి తెలుస్తుంది. తొందరపడి వేసిన గీత కనబడదు. అంత కొద్ది జీవితంలో అంత తీరిక ఎక్కడ్నుంచి తెచ్చుకున్నాడో!

సాయంత్రం, ఒరిగిన పడవ

నాలుగున్నరకి మళ్లీ ఘాట్‌కి. ఊరు గోదారికి తూర్పున ఉంది. కాబట్టి పొద్దున్న మన వెనక ఉన్న సూర్యుడు సాయంత్రం ఎదురుగా, కొవ్వూరు వైపు దిగుతాడు. కమానులన్నీ నల్లటి గీతలైపోతాయి. నీళ్లకి మధ్యాహ్నం తాగిన రోజ్ మిల్క్ రంగు వస్తుంది. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. ఆకాశం రంగు ఒకసారి వేసేశాక మళ్లీ పైకి చూసి మార్చకూడదు. మారిస్తే రెండు సాయంత్రాలు ఒకే బొమ్మలో పడతాయి.

చివర్లో గట్టున కట్టేసి ఉన్న ఒక పడవని రెండే రెండు బ్రష్ గీతల్లో పెట్టా. పొద్దుటి ఆయన మళ్లీ వచ్చి వంగి చూశాడు.

"ఇది మా పడవేనండి."

రెండు గీతలు చూసి ఎలా చెప్పారని అడిగా.

"ఒక పక్కకి ఒరిగుంది చూడండి. ఆ పక్క అడుగు చెక్క మార్పించానండి, బరువెక్కువ."

ఆ ఒరుగు నాకు కనబడింది, వేశా. ఎందుకుందో నాకు తెలీదు. ఆయనకి తెలుసు. పొద్దుటి మా తగువు నా లెక్కలో అక్కడ తీరింది. కనబడింది కనబడినట్టు వేస్తే, తెలిసినవాళ్లు అందులో తమది గుర్తుపడతారు.

మీరూ వెళ్తే...

డిసెంబర్, జనవరి నెలలు మంచివి. పొద్దున్న ఏడులోపు, సాయంత్రం నాలుగు తర్వాత వేయండి. మొదటిసారి అరచేతి సైజు కాగితం చాలు, పెద్దదైతే వెలుతురు ఆగదు. బ్రష్ కడిగిన నీళ్లు తిరిగి గోదాట్లో పోయకండి. కొన్ని రంగుల్లో కోబాల్ట్, కాడ్మియం లాంటి లోహాలుంటాయి. ఆ నీళ్లని సీసాలో పట్టి వెంట తెచ్చేసుకోండి. ఎవరైనా వచ్చి వెనక నిలబడితే బొమ్మ దాచుకోకండి. వాళ్లకి ఆ ఏరు మనకంటే బాగా తెలుసు.