కాకిబంగారపు గోళ్ళరంగు

గోళ్ళరంగు మీద కూడా వ్యాసమా అని సోదరీమణులు నవ్వుకోవచ్చును. మేమూ నవ్వుకున్నవాళ్ళమే. మేమంటే యిద్దరు తోడికోడళ్ళం. చెన్నపట్నం చాకలిపేటలో ఒకే యింట, ఒకే పొయ్యి దగ్గర ముప్పది యేళ్ళుగా కాపురం చేస్తున్నవాళ్ళం.

పోయిన మాసం మా పెద్దమ్మాయి బెంగుళూరునుంచి వస్తూ ఒక చిన్న సీసా తెచ్చినది. పెద్ద కంపెనీ సరుకు కాదు. ఎవరో ఒకావిడ తన యింట్లోనే కొద్దికొద్దిగా కలిపి, సీసాలకు పోసి అమ్ముతుందట. ఆ రంగు ఏమని చెప్పాలి! దీపాలు పెట్టే వేళ పడమటి దిక్కు వంకాయ రంగుకు తిరిగి, ఇంకా పూర్తిగా నల్లబడక ముందు ఉంటుందే, అటువంటిది. సీసా కదిపితే లోపల రాగిపొడి వంటి మెరుపు లేచి, మెల్లగా దిగుతుంది.

పూసుకోవడం మాకు చేతనైతే గదా! మొదటి పూత చారలు చారలుగా వచ్చినది. "తలుపుసందున పడి కమిలినట్లున్నది" అన్నది మాలో చిన్నది. పలుచగా వేసి, ఆరనిచ్చి, మళ్ళీ వేయాలని అమ్మాయి కోప్పడినది. నైట్రోసెల్యులోజును ఇథైల్ ఎసిటేటు వంటి ద్రవాలలో కరిగిస్తారట; ద్రవం ఆవిరైపోగా మిగిలిన పొరే గోటికి అంటుకొని ఉంటుంది. దట్టంగా వేస్తే పైన ఆరి లోపల ఆరదు. వాసన ఘాటుగా ఉంటే కిటికీలన్నీ తీసి కూర్చున్నాము. మూడవ పూతకు మెరుపు తేలినది. చేతులు అటూ యిటూ త్రిప్పి చూచుకుంటూ ఉండగా పొయ్యిమీద పాలు పొంగిపోయినవి. చెప్పుకుంటే సిగ్గే.

పాలు మాడిన వాసనకు అత్తగారు వచ్చారు. మమ్మల్ని ఏమీ అనకుండా సీసా తీసుకొని వెలుతురుకు పెట్టి చూచి, "ఇందులో కాకిబంగారం ఉన్నదే!" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు గూడూరు. నెల్లూరు సీమలో ఆ ప్రాంతం అభ్రకపు గనులకు పేరుబడినది. అభ్రకాన్నే మనవాళ్ళు కాకిబంగారమంటారు. చిన్నతనంలో దారిలో దొరికిన పెళ్ళలను గోటితో పొరలు పొరలుగా విడదీసి, పుస్తకాలలో దాచుకునేవారట. అమ్మాయి ఆశ్చర్యపోయి, నిజమేనన్నది. సన్నని అభ్రకపు రేకులకు టైటానియం ఆక్సైడు పూత పట్టించి యీ మెరుపు తెస్తారు. కృత్రిమంగా చేసిన అభ్రకం వాడేవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ప్రతి ఆషాఢంలో మాకు గోరింటాకు రుబ్బి పెట్టేది అత్తగారే. 2009లో మామగారు పోయిన నాటినుంచి ఆవిడ పెట్టుకోరు. రుబ్బితే చేతులు పండుతవి గదా, అందుకని ముందుగా కొబ్బరినూనె దట్టంగా పట్టించుకుంటారు. రుబ్బిన మరుక్షణం కడుక్కుంటారు. ఇది మేము ఏటేటా చూస్తూనే ఉన్నాము, చేతులు చాచి పెట్టించుకుంటూనే ఉన్నాము. "మీరూ పెట్టుకోండి అత్తయ్యా" అని ఒక్కనాడూ అనలేదు. ఎలాగూ వద్దంటారులే అని మాకు మేమే చెప్పుకున్నాము.

"ఇది ఎరుపు కాదుగా" అన్నారు అత్తగారు, మా ముఖాలు చూడకుండా.

"కాదత్తయ్యా" అన్నాము ఇద్దరమూ ఒక్కసారే.

ఎడమచేతి చిటికెన వ్రేలు చాచారు. మాలో పెద్దది పూసినది. ప్రక్కకు అంటిన దానిని అమ్మాయి దూదితో తుడిచినది. ఆరేదాకా ఆవిడ కదలలేదు.

ఆదివారంనాడు దూరపు బంధువు ఒకావిడ వచ్చినది. ఆవిడ ఉన్నంతసేపూ అత్తగారు ఎడమచేయి కొంగులోనే ఉంచుకున్నారు. మేము చూచి కూడా చూడనట్లు ఊరుకున్నాము. నోరు తెరవవలసినది అప్పుడే కాబోలు, తెరవలేదు.

గిన్నెలు తోమి తోమి మా రంగు మూడవనాటికే ఊడినది. అత్తగారిది వారం నిలిచి, అంచున పెచ్చు లేచినది. తుడిచివేద్దామా అని అడిగాము. ఆవిడ వ్రేలిని కిటికీవైపు త్రిప్పి కాసేపు చూచుకొని, "ఆ సీసా ఎక్కడ పెట్టారే?" అన్నారు.