కొండపల్లి ఏనుగు

సంక్రాంతి కొలువుకని బొమ్మల పెట్టె తెరిచేసరికి మా అంబారీ ఏనుగు తొండం ఊడివున్నది. "పారేద్దామా?" అన్నాడు తమ్ముడు. "కొండపల్లి తీసుకుపోదాం పదండి" అన్నది అమ్మమ్మ.

కొండపల్లి విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లు. కొండమీద పాతకోట, కింద బొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళు. ఎటు చూసినా చెక్కపొట్టే!

ఒక తాత మా ఏనుగును అరచేతిలో పెట్టుకుని, "తెల్ల పొణికి కర్ర, అందుకే ఇంత తేలిక" అన్నాడు. కర్రను సెగమీద బాగా ఆరబెట్టి, ఒళ్ళూ కాళ్ళూ తొండమూ విడివిడిగా చెక్కుతారట. వాటిని దేనితో అతుకుతారనుకున్నారు? చింతగింజల పిండీ, రంపంపొట్టూ కలిపిన మక్కుతో!

"అడవిలో పొణికి చెట్లు తగ్గిపోయినై. విరిగిందని పారెయ్యకండమ్మా" అంటూ తాత కొత్త తొండం అతికి రంగు వేశాడు.

ఇంటికి రాగానే ట్రంకుపెట్టెలూ, పీటలూ మెట్లుగా పేర్చి తెల్ల పంచె పరిచాం. కింద ఇసుక పోసి, మధ్య అద్దం పెడితే చెరువైంది. వారం ముందే మూకుళ్ళలో చల్లిన ఆవాలు మొలిచి ఉన్నాయి. వాటిని గట్టున పెడితే అదే పచ్చికబయలు. తాటిచెట్టు ఎక్కే గీతగాణ్ణి చెరువు పక్కన నిలబెట్టాం.

ఏనుగుకు పైమెట్టు దక్కింది. తొండం రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. తమ్ముడు దానిముందు "ముట్టుకోరాదు" అని చీటీ పెట్టి, పేరంటం అయ్యేదాకా కాపలా కూర్చున్నాడు.