పర్ణశాలకు ఒంటరిగా



నాకిప్పుడేబదినాలుగేండ్లు. ఖమ్మమున మా కాపురము. ఇంతకాలమునుండి తోడులేక నేను ఊరి పొలిమేర దాటియెరుగనన్నచో మీలో కొందరు నవ్వుదురు. కొందరు నన్ను తమలో నొకతెనుగా నెంచుదురు. అట్టి నేను మొన్న ఫాల్గుణమాసమున భద్రాచలమునకును, అచ్చటినుండి పర్ణశాలకును ఒక్కదాననే పోయివచ్చితిని. ఇందులకు కారణము మా అమ్మాయి.

అది జపానుదేశమున ఒసాకానగరములో ఉద్యోగము చేయుచున్నది. ఒకనాటి రాత్రి ఫోనులో, "అమ్మా, సెలవు పెట్టి షికోకు ద్వీపంలో పది రోజులు నడవబోతున్నాను, ఒక్కదాన్నే" అనెను. షికోకు ఆ దేశపు పెద్ద దీవులలో ఒకటి. 774 నుండి 835 వరకు జీవించిన కోబో దైషి యను బౌద్ధాచార్యుని పేరిట అచ్చట 88 గుడుల యాత్ర కలదు. అన్నింటిని కాలినడకను చుట్టివచ్చుటకు సుమారు 1,200 కిలోమీటర్లు. నలువది దినములైనను పట్టును. యాత్రికులు తెల్లని వస్త్రము ధరించి చేత కర్ర పట్టుదురు. వారి వస్తువులపై "ఇద్దరము కలిసి పోవుచున్నాము" అను అర్థముగల మాట వ్రాసియుండును. ఒంటరిగా నడచువానికి ఆ ఆచార్యుడే తోడనియు, చేతికర్రయే ఆయన యనియు వారి విశ్వాసము. పూర్వము దారిలో మరణించినవారి సమాధిపై ఆ కర్రనే గురుతుగా నాటెడివారట. ఈ కడపటి సంగతి అమ్మాయి నాకు చెప్పకుండవలసినది.

అది తొకుషిమా సీమలోని మొదటి ఇరువదిమూడు గుడులను మాత్రము చూడదలచినది. అందు పదునొకండవ గుడినుండి పండ్రెండవదానికి పోవు కొండదారికి "యాత్రికులను దొర్లించునది" అని పేరట! వలదంటిని. మావారు మాటాడలేదు. మా అత్తగారు "సీతమ్మంతటిదే గీత దాటి ఎన్ని కష్టాలు పడింది!" అనిరి. అమ్మాయి కోపింపక, "అమ్మా, ఈ భయం నాదా, నీదా?" అని మాత్రమడిగినది.

ఆ ప్రశ్నకు నాకు బదులు తోచలేదు. అది నడక మొదలిడిన దినముననే నేను భద్రాచలము బస్సెక్కితిని. మావారు వెంటవచ్చెదననిరి. వలదంటిని.

ఖమ్మమునుండి భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెము, పాల్వంచ దాటినపిదప మోదుగుచెట్లు ఆకులేక, ఎర్రని పూవులతో నిండి కనబడెను. సారపాక దాటగానే గోదావరి. 1965లో వంతెన తెరచువరకు యాత్రికులు పడవలమీదనే దాటెడివారు. ఇప్పుడు ప్రశాంతముగ పారుచున్న ఈ నది 1986 ఆగస్టులో 75.6 అడుగుల ఎత్తున వచ్చినది. మూడవ ప్రమాదసూచిక 53 అడుగులే యని తలచికొనుడు.

రెండవనాడు స్వామి దర్శనముతో గడచినది. రామదాసుగారి చెర కథ మనకందరకు కంఠస్థమే. కాని ఆయనకు ముందు ఈ కొండపై స్వామిని కనుగొన్నది పోకల దమ్మక్కయని స్థలపురాణము. ఆమె అడవిబిడ్డ. కలలో ఆనతియైనదని యొక్కతెయే కొండకుపోయి, పుట్టను గోదావరి నీటితో కరగించి, విగ్రహములను వెలికిదీసి, పైన పందిరివేసి, తాటిపండు నివేదించినదట. ఆమెను తోడెవరని ఎవరైన అడిగిరో లేదో! ఈ కథ చిన్ననాటినుండి వినుచునే యుంటిని. ఆమె ఒంటరిగా పోయినదన్న సంగతి మాత్రము నాకానాడే తట్టినది.

మూడవనాడు పర్ణశాలకు ఆటో ఎక్కితిని. అది 35 కిలోమీటర్ల దూరము. ఇంక నాలుగైదు కిలోమీటర్లుండగా ఆటో చెడి నిలచినది. తోడివారు దారినపోవు మోటారుసైకిళ్ళపై నెక్కిపోయిరి. నాకట్లెక్కుట అలవాటు లేదు. నడచెదనంటిని.

మొదటి పావుగంట యెట్లుండెనో దాచక చెప్పెదను. ఆకు రాలినను ఉలికిపడితిని. వెనుదిరిగి యెన్నిసార్లు చూచితినో! నోరెండెను. సంచిలో నీరున్న సంగతియే మరచితిని. అంతలో ఇప్పచెట్టుక్రింద ఒక ముసలి కోయస్త్రీ రాలిన పూవులను తట్టలో కేరుచు కనబడెను. గాలియంతయు ఆ పూవుల తియ్యని వాసనయే.

"ఒక్కదానివేనా అమ్మా?" అని ఆమె యడిగెను.

"ఒక్కదాన్నే. నీకు భయం లేదా?"

"భయం లేకేం! ఇప్పపూవంటే ఎలుగుబంటికి ప్రాణం. అందుకే తెల్లారినాక వస్తాం. గట్టిగా మాట్లాడుకుంటూ వస్తాం. చప్పుడైతే అది పక్కకు పోతది."

ఇంతేనా యనిపించినది. భయము పోవుటకు వ్రతమేదియు లేదు. ఎప్పుడు రావలెనో, ఎట్లు రావలెనో ఆమెకు తెలియును. ఆమె ఒక కర్ర నాచేతికిచ్చి "కుక్కలుంటాయి" అనెను. నీరు త్రాగి, కర్ర నేలపై తాటించుచు, నాకు వచ్చిన కీర్తనలన్నియు గట్టిగా పాడుచు పోయితిని. శ్రుతి విన్నవారెవ్వరును లేకపోవుట నా యదృష్టము.

పర్ణశాలలో సీతవాగు ఒడ్డున రంగుచారలుగల రాళ్ళను చూపి, అమ్మవారు చీరెలారవేసిన చోటందురు. లక్ష్మణుని గీతయు అచ్చటనే యందురు. కాని వాల్మీకి రామాయణమున ఆ గీత లేదు. అత్తగారికి ఈ మాట చెప్పుటకు సమయము చూడవలెను. అమ్మవారు లంకలో రాక్షసులనడుమ తోడులేక మాసములు గడపి లొంగకుండిన సంగతి మాత్రమున్నది. దానిని మన పెద్దలు ఆడపిల్లల యెదుట అంతగా ఎత్తరు.

ఆ ప్రాంతముననే చర్ల మండలములో కలేరు అను ఊరున్నది. ఆ ఊరి ఆనందకుమారు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావతు పూర్ణ, ఇద్దరును సంక్షేమ గురుకులములలో చదివినవారు, 2014 మే 25న టిబెట్టువైపునుండి ఎవరెస్టునెక్కిరి. పూర్ణకప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. దారిలో మృతదేహములను చూచి భయపడితినని ఆమెయే తరువాత చెప్పినది. 2022 నాటికి ఆమె ఏడు ఖండముల శిఖరములను ఎక్కినది. వారి తల్లులు ఆ దినములలో ఎట్లు నిదురించిరో!

ఆ రాత్రి భద్రాచలము సత్రములో ఫోను మ్రోగినది. "అమ్మా, పన్నెండో గుడికి చేరాను. కాళ్ళు బొబ్బలెక్కాయి. దారిలో ఒక ముసలామె నారింజపళ్ళు ఇచ్చింది, డబ్బిస్తే తీసుకోలేదు."

"నాకు కర్ర ఇచ్చింది" అంటిని.

"ఎవరు? ఎక్కడ?"

జరిగినదంతయు చెప్పితిని. అది కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అడవిలో ఒక్కదానివే నడిచావా! ఎవరికైనా చెప్పి వెళ్ళొద్దూ అమ్మా!" అని నన్ను గట్టిగా మందలించినది.